భూమన్న భుజం, నా మడమ

కువైట్ యుద్ధం రోజుల్లో సౌదీలో ఉన్నవాళ్లను కదిలిస్తే చాలు, సైరన్ల గురించీ, మొహాలకు తగిలించుకున్న మాస్కుల గురించీ గంటలకొద్దీ చెబుతారు. నేను ఆ యుద్ధం ముగిశాక, కట్టడాల పని జోరందుకున్నప్పుడు అక్కడి బురైదా పట్నానికి వచ్చినవాణ్ని. ఒక్క సైరను కూడా వినలేదు. అయినా విధ్వంసం అంటే ఏమిటో నాకూ తెలుసు. ఎవరి సాయమూ లేకుండా, పూర్తిగా నా సొంత తెలివితో ఒకటి చేసి చూపించాను. అందులో కూలింది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి నేను కాకపోవడమే మీరు నవ్వాల్సిన సంగతి. నేను ఇప్పటికీ సరిగ్గా నవ్వలేకపోయేదీ అందుకే.

నేను ప్లాస్టరింగ్ మేస్త్రీని. ఏళ్ల తరబడి పరంజా పలక మీద నిలబడి గోడలు నున్నగా చేసి చేసి, చివరికి నా మడమ చెడింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. రూములో వాళ్లు లేవకముందే లేచి, గోడ పట్టుకుని, కుంటకుండా నడవడం సాధన చేసేవాణ్ని. బడిలో ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా నేర్వలేదు.

ఎందుకంటే మా ఫోర్‌మన్ ఒక పఠాన్. ఆయన కళ్లు గోడల మీద కంటే మా కాళ్ల మీదే ఎక్కువుండేవి. “కుంటేవాడు పరంజా ఎక్కొద్దు, ఇంటికి పోవాలి” అనేవాడు, అన్నంత పనీ చేసేవాడు. నేను వేరే కఫీల్, అంటే వేరే యజమాని ఇచ్చిన వీసా మీద వచ్చి, బయట పని చేసుకునేవాణ్ని. ఈ సైటు పోతే నాకు ఇంకో పని లేదు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఆ మడమతో ఇంటికి పోయి ఏం చేయాలో తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

నా పక్క మంచం భూమన్నది. మెట్‌పల్లి దిక్కు మనిషి, నాకంటే పెద్దవాడు. ఆయన కంపెనీ మనిషి కాబట్టి ఆయనకు దవాఖాన కార్డుండేది, నాకు లేదు. సిమెంటు బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం పట్టేసింది. కంపెనీ డాక్టరు ఫిజియోథెరపీకి పొమ్మన్నాడు. నయమయ్యేదాకా బస్తాలు మోయించొద్దని చెప్పి స్టోరు ముందు కాపలాకు కుర్చీ వేయించాడు. భూమన్న కుర్చీలో కూర్చున్నాడు గానీ దవాఖాన వైపు మాత్రం తొంగిచూడలేదు.

“పోతలేవేందన్నా?” అని అడిగాను.

“పోతె నయమైతది.”

“నయమైతె మంచిదే గద?”

“ఏం మంచిది? నయమైన తెల్లారే కుర్చీ గుంజుకుంటరు. మల్ల బస్తాలే. ఈ నొప్పే నన్ను సాకుతున్నది తమ్మీ.”

సరిగ్గా అప్పుడే నా బుర్ర వెలిగింది. అది వెలగకుండా ఉంటే ఈ కథే లేదు.

“అయితె నీ కార్డు నాకియ్యి. నీ పేరు మీద నేను పోత. నా మడిమ చూపిచ్చుకుంట. నువ్వు దవాఖానకు పోతున్నట్టు కంపెనీకీ ఉంటది, నీ నొప్పి నీకుంటది.”

“మరి ఫొటో?”

“ఇద్దరికీ మీసాలున్నయి గదనే!”

నా అంచనా తప్పలేదు. కౌంటర్లో కూర్చున్నవాడు మీసం ఒక్కటే చూశాడు. లోపల ఫిజియో డాక్టరు మలయాళీ, ఎవరితోనైనా హిందీయే. “నొప్పి కాస్త కిందికి దిగింది సాబ్, ఇప్పుడు మడమలో ఉంది” అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, చొక్కా విప్పమన్నాడు.

“మీకు రాసింది భుజానికి. భుజమే చేస్తాను.”

సూది తీశాడు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. మా ఊళ్లో సూది వేయనివాణ్ని మేం డాక్టరని ఒప్పుకోం. కానీ వెంట్రుకంత సన్నగా ఉన్న ఆ సూది వెనక మందు సీసా లేదు.

“మందేది సాబ్?”

“మందుండదు. ఉత్త సూదే. బిగుసుకున్న కండను వదులు చేస్తుంది.”

నా భుజంలో బిగుసుకున్న కండ ఉంటే కదా! ఆయన వేళ్లతో వెతుకుతూ “ఇక్కడ నొప్పా? ఇక్కడా?” అంటుంటే, భూమన్న పరువు కోసం ఒక చోట గట్టిగా అరిచాను. అక్కడే దించాడు. ఆ తర్వాత అరుపుల కోసం నటించాల్సిన అవసరం రాలేదు. మంచి భుజానికి వైద్యం, చెడ్డ మడమతో తిరుగు ప్రయాణం. అట్లా కొన్నాళ్లు నడిచింది.

ఒకరోజు డాక్టరు నా చేయి పైకెత్తించి, తిప్పించి, మురిసిపోయాడు. “భుజం పూర్తిగా బాగైంది. కానీ మీరు మడమ నేల మీద ఆనించడం లేదు. నొప్పా?”

చూడండి! అన్నాళ్లూ నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. కానీ నా కళ్లముందు పఠాన్ మెదిలాడు. కుంటుతున్నానని కనిపెట్టింది ఎవరైనా సరే, లేదని బుకాయించడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

“నొప్పా? నాకా? చూడండి సాబ్!” అని ఆ మడమనే టప్పున నేలకేసి కొట్టాను.

తర్వాత సంగతి ఆ గదిలో ఉన్నవాళ్లు చెప్పాలి. నేను మాత్రం బల్ల కాళ్లు పట్టుకుని ఉన్నాను.

ఆయన నన్ను బోర్లా పడుకోబెట్టి పిక్కలో సూది దించాడు. “నొప్పి మడమలో సాబ్, పిక్కలో కాదు” అని మొత్తుకున్నాను. పిక్క బిగిసి మడమను లాగుతోందన్నాడు. కండ ఒక్కసారి ఎగిరిపడింది. ఆ తర్వాత మరికొన్నిసార్లు పిక్కలో, అరికాలిలో వేయించుకున్నాను. ఒక పొద్దున మంచం దిగితే మేకు లేదు. బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను.

ఆ వారమే, భూమన్న భుజం నయమైందని దవాఖాన కంపెనీకి చెప్పింది. కుర్చీ పోయింది. భూమన్న మొదటి బస్తా ఎత్తుకున్నప్పుడు నేను పరంజా మీదున్నాను. ఆయన మొహం చూడలేక గోడ వైపు తిరిగాను. అంత సిగ్గు నాకు ఎన్నడూ వేయలేదు.

“నువ్వే పో అన్నా. ఇంకా నొప్పుందని చెప్పు” అన్నాను రూముకొచ్చాక.

పాపం, వెళ్లాడు. తన కార్డు, తన మొహం, తన నొప్పి, అన్నీ అసలువే. మలయాళీ డాక్టరు సెలవు మీద ఊరికి పోతూ, తన చోట వచ్చినాయనకు ఒక జాగ్రత్త చెప్పి పోయాడట: ఈ భూమన్నకు ఉన్నది మడమ నొప్పి, అడిగితే లేదంటాడు, నమ్మొద్దు.

భూమన్న భుజం చూపించాడు. కొత్తాయన కాలు పట్టుకున్నాడు. “మడిమ మంచిగున్నది” అని భూమన్న ఎంత గట్టిగా చెబితే ఆయనకు అంత నమ్మకం కుదిరింది. ముందొచ్చింది వేరేవాడని చెబితే ఇద్దరం దొరికిపోతాం. అందుకని భూమన్న పళ్లు బిగబట్టాడు. సూది దిగగానే భయంతో కాలు ఝాడించాడు, పిక్క పట్టేసింది. సైటు గేటు దగ్గర కుంటుతూ బస్సు దిగాడు. ఎదురుగా పఠాన్.

“నిన్న భుజం. ఇవాళ కాలు. రేపు నడుమా? బస్, ఖురూజ్!” అన్నాడు. ఆ మాటకు అర్థం, సామాను సర్దుకుని దేశం వదిలి పొమ్మని.

నేను పరంజా దిగి పరుగెత్తాను. “ఉస్తాద్, ఆ మడమ నొప్పి నాది! ఆయన కార్డు మీద నేనే పోయిన. పంపితే నన్ను పంపు!”

పఠాన్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “నడువు” అన్నాడు.

నడిచాను. నెలల తర్వాత మొదటిసారి కుంటాలని మనస్ఫూర్తిగా అనుకున్నాను. ప్రయత్నించాను కూడా. కానీ ఏ కాలు కుంటాలో తడబడి, రెండూ మార్చి మార్చి కుంటుతూ నడిచాను. పఠాన్ నా భుజం తట్టాడు.

“దోస్తు కోసం అబద్ధమాడుతున్నావ్. నువ్వు మంచోడివి. పో, పని చేసుకో.”

ఆ దేశంలో నన్ను ఒకరు మంచోడివనడం అదే మొదలు. ఆ మాట ఇప్పటికీ ఒంట్లో గుచ్చుకుంటుంది.

భూమన్న పోయేనాడు పెట్టె నేనే మోశాను. ఆయన వ్యాను ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి మెల్లగా పిలిచాడు.

“తమ్మీ, ఊళ్లె అందరడుగుతరు, ఏమైందని పంపిండ్రని. భుజమని చెప్పాల్నా, మడిమని చెప్పాల్నా?”

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. వ్యాను కదిలిపోయింది.

అప్పుడే ఆ గేటు ముందు, రెండు మడమలూ నేలకానించి నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట నా నొప్పి నా ఒంటి మీదే ఉంటుంది, నా పేరు మీదే ఉంటుంది. తలనొప్పి వస్తే నా తలనే తీసుకుపోతాను. ఏ డాక్టరైనా “నొప్పా?” అని అడిగితే, అవునంటాను. నొప్పి లేకపోయినా సరే, అవునంటాను.