భుజం నుంచి మోచేతి దాకా

లాలాగూడలో మా పక్కింటి అక్కయ్య గత మంగళవారం ఉదయం కన్నుమూశారు. చివరి రెండు నెలలూ ఆమెకు మతి చలించిందనీ, పూర్తయిన స్వెటర్ చెయ్యిని మళ్ళీ మళ్ళీ అల్లుతూ విప్పుతూ కూర్చునేవారనీ పరామర్శకు వచ్చినవారు చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. ఆమె బుద్ధి చివరి రోజు దాకా చురుకుగానే ఉంది. పూర్తయిన ఆ చెయ్యిని విప్పింది నేను.

ముప్పై ఏళ్ళ కిందట నాకు అల్లిక నేర్పింది ఆమే. అనుమానించడమూ ఆమే నేర్పారు. ఊలు కొనడానికి సికింద్రాబాద్ బజారుకు వెళితే ఆమె సంచిలో అగ్గిపెట్టె తప్పక ఉండేది. ఉండలోంచి ఒక పోగు తెంపి, కొట్టు మెట్ల మీదే వెలిగించి వాసన చూసేవారు. వెంట్రుక కాలిన వాసన వస్తే అసలు ఊలు; కరిగి పూసలా గట్టిపడితే ప్లాస్టిక్.

"అమ్మా, దుకాణం కాలవెడ్తవా ఏంది?" అని కొట్టతను ఒకసారి మొత్తుకున్నాడు.

"నీది అసలు ఊలైతే మంట దానంతట అదే ఆరుతది. నీకెందుకు పరేషాన్?"

"ఉండ చీటీ మీద అసలు ఊలనే రాసి ఉంది కదా అక్కయ్యా" అన్నాను నేను.

"చీటీ అచ్చేసినోడు అల్లిండా, తొడిగిండా? బీయే చదివినవు, రాసిందల్ల నమ్ముతవు!" అని నన్నూ వదల్లేదు.

మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి టోపీ ఆమె చేతిదే. తల్లులు చెప్పే కొలతను నమ్మేవారు కాదు. బిడ్డ నిద్రపోయేదాకా కూర్చుని, తలను అరచేత్తో తానే కొలుచుకునేవారు. స్వెటర్ చేతులను చాలామందిలా మణికట్టు దగ్గర కాక, భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లేవారు. పిల్లలు ఎదిగితే అంచు విప్పి పొడిగించవచ్చు. "ఎంత పెరుగుతరో ఎవలకెర్క?" అనేవారు.

రెండు నెలల కిందట నాకొక నీలం స్వెటర్ ఇచ్చారు. నేను ఒంటరిగా ఉంటాను; ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోను, ఆమె దగ్గర తప్ప. ఇంటికి తెచ్చి, ఆమె నేర్పినట్టే కిటికీ వెలుగులో పరిచి పరీక్షించాను. ఎడమ చెయ్యి నిస్సందేహంగా ఆమెదే. కుడి చేతిలో మాత్రం కుట్లు ఒకచోట బిగుతు, ఒకచోట వదులు. ఇంట్లో ఉన్న కోడలితో అల్లించి తన పేరు పెట్టి ఇచ్చారని తీర్మానించుకున్నాను. ఒక్క మాట అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆ కుడి చెయ్యిని అంచు నుంచి భుజం దాకా మొత్తం విప్పేసి, స్వెటర్నీ ఊలునూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"ఇదెవరు అల్లారు?"

కోడలు బిత్తరపోయింది. "నాకు సూది పట్టుడు సుత రాదు ఆంటీ!"

అక్కయ్య సూదులు తెప్పించుకుని, నా ఎదుటే రెండు వరుసలు అల్లారు. కుడి చెయ్యి వణుకుతోంది. ఒక కుట్టు బిగిసింది, పక్కది జారింది.

"సూసినవా? గది నా పనే. ఎడమ చెయ్యి అల్లుడు అయినంక మొదలైంది గిట్ల. చెప్తే నువ్వు సూదులు గుంజుకుంటవని చెప్పలే."

నేను క్షమాపణ చెప్పబోయాను. "ఆ ముచ్చట వద్దు. ఊలు ఉతికి ఆరవెట్టి తే. వంకర్లు తిరిగినదానితోని కుట్టు సక్కగ రాదు" అన్నారు.

అప్పటి నుంచి వరండాలో కూర్చుని రోజుకు నాలుగు వరుసలు అల్లేవారు, నచ్చక రెండు విప్పేవారు. ఎదురింటావిడ ఒకరోజు, "మొన్న అయిపోయిన స్వెటరే గద అక్కా?" అని అడిగింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. నా పేరు ఇప్పుడు బయటపడుతుందనుకున్నాను.

"నాకే మనసున పట్టలే. ఇప్పిన" అన్నారు అక్కయ్య, నా వైపు చూడకుండా.

నేనూ నోరు విప్పలేదు. ఆ మౌనంలోంచే ఈ పుకారు పుట్టింది.

ఆమె పోయాక, నాలుగు రోజుల కిందట, కోడలు ఆ స్వెటర్‌ను సూదులతో సహా తెచ్చి ఇచ్చింది. కుడి చెయ్యి మోచేతి దాకా వచ్చి ఆగింది. "మీరే పూర్తి చెయ్యుండ్రి ఆంటీ. ఎవలకూ ఫరక్ తెల్వది" అంది.

ఆ చివరి మాట దగ్గరే నాకు అనుమానం కలిగింది, ఈసారి నా మీద. తేడా తెలియకుండా అల్లగలను. అలా అల్లితే ఆమె చెయ్యి ఎక్కడ ఆగిందో కనబడదు. నేను విప్పిన సంగతీ కనబడదు. నాకు అనుకూలమైన పనిని ఆమె పేరున చేసినట్టవుతుంది.

నిన్న మధ్యాహ్నం, ఎవరినీ సంప్రదించకుండా, మోచేతి దగ్గర ఆ కుట్లను ఒక్కొక్కటిగా మూసి ముడి వేశాను. మిగిలిన ఊలు ఉండను కోడలికి తిరిగి పంపాను. ఈ చలికాలం స్వెటర్‌ను అలాగే తొడుక్కుంటాను. అడిగినవారికి కారణం చెబుతాను. తెల్లవారుజామున పాల కోసం గేటు తీసినప్పుడు నా ఎడమ చెయ్యి వెచ్చగా ఉంటుంది. కుడి ముంజేతికి చలి తగులుతుంది.