ఇనుప దూలం, ఒక ‘ఔ’

ఇప్పుడైతే ఏ కొలత కావాలంటే ఆ కొలత ఇనుము ఇంటి ముందు తెచ్చి పడేస్తున్నారు గానీ, ఆ యుద్ధపు రోజుల్లో పాత ఇనుము దొరకడం కూడా గగనమే. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉండే మా మేనమామ వరండాకు కప్పు వేయించాలని ఎక్కడినుంచో ఒక పాత దూలం సంపాదించాడు. అది వరండా కంటే మూడు మూరలు పొడుగు. ఆ మూడు మూరలూ గోడ దాటి గల్లీలోకి పొడుచుకొచ్చాయి. జట్కాల్లో పోయేవాళ్లు మా ఇంటికి దండం పెడుతున్నట్టు తల వంచి పోయేవాళ్లు. (మామకు అది కాస్త నచ్చిందని నా అనుమానం.)

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో కొత్తగా గుమస్తాగా చేరాను. రోజంతా కత్తెర గుడ్డను కోయడం చూసేవాణ్ణి కదా, ఇనుమును ఇనుమే ఎలా కోస్తుందో చూడాలని ఒకటే ఆరాటం. నిజాం కాలం కదా, శుక్రవారం సెలవు కావడంతో పొద్దున్నే మామ ఇంట్లో వాలాను. ఆ మూడు మూరలూ కోయడానికి వచ్చిన మేస్త్రీని అందరూ చాచా అనేవాళ్లు. ఇంట్లో ఆయన భాష ఉర్దూ, తెలుగు మాలాంటివాళ్ల కోసం. వచ్చి రెండు గంటలైనా ఆయన రంపం ముట్టలేదు. వరండాలో దూలం కింద కర్రలు ఆనించాడు. బయటికొచ్చిన ముక్కకు మోకు చుట్టి, పై అంతస్తు గోడకున్న ఇనుప కడియానికి బిగించి కట్టాడు.

"కోసేటందుకు గింత తతంగమేంది చాచా?" అన్నాను.

"కోసుడు ఎవ్వడన్న కోస్తడు బేటా. కోసినంక అది యాడ పడుతదో, గదే ఫికర్ జెయ్యాలె."

బతిమాలగా బతిమాలగా రంపం నా చేతికిచ్చి, నిచ్చెన ఎక్కించాడు. "ఆఖర్ల జరంత ఉన్నప్పుడు ఆపి నన్ను పిలువు. గది నేనే కోస్త. గా దాక కింద ఎవ్వర్ని రానియ్య" అని, గల్లీ అవతల నిలబడి బీడీ ముట్టించాడు.

నూనె పోస్తూ కోస్తుంటే నల్లటి ఇనుములోంచి వెండిలాంటి పొడి రాలుతోంది. చేయి వేసి చూస్తే చురుక్కుమంది. ఆ వింతలో ఒళ్లు మరిచిపోయాను. వేలెడు మందం మిగిలి ఉండగా లోపలినుంచి మామ కేకేశాడు. "ఏం రా అల్లుడా, అయిపాయెనా?"

"ఔ!" అని గొంతెత్తి అరిచాను. అన్నమాట అబద్ధం కాకూడదని, ఆపమన్నది మరిచి గట్టిగా గుంజడం మొదలుపెట్టాను. కిందికి చూడలేదు.

టప్పుమంది. ముక్క ఒక్కసారిగా ఒరిగింది, మోకు బిగుసుకుంది. చూద్దును కదా, సరిగ్గా దాని కింద చాచా! ఊగిన ముక్క ఆయన టోపీని మాత్రం ఎగరగొట్టి, నుదుటికి జానెడు దూరంలో వేలాడుతూ నిలిచింది. నిచ్చెన ఎలా దిగానో తెలియదు.

"పిలిచి మరీ కొడుతవా బేటా?" అన్నాడు చాచా, ఇనుము కేసి చూస్తూ.

"నేను పిల్వలే చాచా! మామ అడిగితె ఔ అన్న."

"గదే గద. ఆవ్ అన్నవ్, వచ్చిన!"

ఉర్దూలో ‘ఆవ్’ అంటే రమ్మని; మా ‘ఔ’ ఆయన చెవిలో ‘రా’ అయింది. చాచా దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. "ఇగ ఇనుము కాడ ఔ అనకు, జీ అను" అని నా భుజం తట్టాడు. తర్వాత చాన్నాళ్లు దుకాణంలో కూడా అన్నిటికీ ‘జీ’ అనేవాణ్ణి. (కుర్రాడికి బుద్ధొచ్చిందని యజమాని మురిసిపోయాడు.)

ఎన్నో ఏళ్ల తర్వాత, కర్ర పట్టుకుని చాచా ఒకరోజు మామ ఇంటికొచ్చాడు. వరండాలోంచి నేనే, "ఆవ్ చాచా, ఆవ్!" అన్నాను. ఆయన గడప దగ్గర ఆగి, తలెత్తి దూలం కోసిన చివరను చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, అప్పుడు లోపలికొచ్చాడు.

ఆయన ఇప్పుడు లేడు. అన్నం పెట్టనా అని మా ఆవిడ అడిగితే, ఔ అనే ముందు నేను ఇప్పటికీ ఒకసారి పైకి చూస్తాను.