పగలు మూసిన తలుపు

మా ముత్తాత మునసబు. ఆయన తండ్రీ మునసబే. మా తాతగారికి తాలూకా కచేరీలో కుర్చీ వేసేవారు. రాజాం చుట్టుపక్కల ఏ పొలం గట్టు తెగినా, ఏ అన్నదమ్ములు విడిపోయినా, తీర్పు మా వీధి అరుగు మీద జరిగేది. అందుకే మా ఇంటి వీధి తలుపులు తెల్లవారగానే తెరిచి, పొద్దుపోయాకే మూసేవారు. పగటిపూట మూసి ఉన్నాయంటే లోపల శవం ఉందని ఊరంతటికీ అర్థమయ్యేది. నా ఎరుకలో మూడుసార్లు మూశారు.

పొలాలు నా తండ్రి కాలంలో పోయాయి. ఎలా పోయాయో ఇక్కడ చెప్పను. ఇల్లు మిగిలింది, టేకు తలుపులు మిగిలాయి, వాటిని తెరిచి ఉంచే అలవాటు మిగిలింది.

నా మనవరాలికి తొమ్మిదో ఏట రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వైద్య విద్యార్థులు చదువుకునే పెద్దాసుపత్రిలో, పిల్లల కిడ్నీ వార్డులో, నెల రోజులు ఉన్నాం. కిడ్నీ మార్చేదాకా ఇంట్లోనే డయాలసిస్ చేసుకోవాలన్నారు. పిల్ల పొట్టలోకి ఒక సన్నని గొట్టం అమర్చారు. సంచిలోని మందునీళ్లు ఆ గొట్టం గుండా లోపలికి ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, దించేయాలి. రోజుకు నాలుగుసార్లు. నా కొడుకూ కోడలూ బడిలో పాఠాలు చెబుతారు. మధ్యాహ్నంది నా వంతు, మిగతా మూడుసార్లూ వాళ్లవి.

నేర్పిన సిస్టరుది పాతపట్నం వైపు. సాధన కోసం గుడ్డ ఏప్రానుకు ఒక గొట్టం కుట్టి, అది నా నడుముకే కట్టించింది. నేను నిటారుగా కూర్చుని, "చూశాను, అర్థమైంది" అన్నాను.

"సూడ్డం కాదు తాతగారూ, సెయ్యాలి. ముందు సేతులు కడగండి."

కడిగాను.

"అయిపోయిందా? మీరు నీళ్లని పలకరించినారు, అంతే."

మంచం మీంచి నా మనవరాలు అందరికన్నా ముందు నవ్వింది. "తాతా, బొటనవేళ్లు మర్చిపోయావు."

అక్కడ పరీక్ష పెడతారు. నెగ్గితేనే ఇంటికి పంపుతారు. నా జీవితంలో నేను తప్పిన పరీక్ష అదొక్కటే, రెండుసార్లు తప్పాను. మూడోసారి సిస్టరు నా వెనక నిలబడి ఒక్క వేలిసందు కూడా వదలకుండా చూసి, "ఇప్పుడు బాగున్నాది" అంది. మా వంశంలో ఎవరికి సర్కారు నుంచి ఏ సనదు వచ్చిందో నాకు కంఠస్థం. ఆ మాట వాటి పక్కనే పెట్టుకున్నాను.

పంపేముందు ఆమె ఒకటే అడిగింది. "ఎక్కించినప్పుడు తలుపులూ కిటికీలూ మూసి, ఫేను ఆపాల. మూస్తారు కదా?"

"మూస్తాను."

మూయలేదు. వెలుతురు బాగుంటుందని పిల్ల మంచం ముందుగదిలో వేయించాను. వీధి తలుపు ఒక రెక్క మూసి, రెండోది వదిలేశాను. గాలి ఆడదని ఇంట్లోవాళ్లకు చెప్పాను. అసలు కారణం నాకు తెలుసు. బతికున్న పిల్లను లోపల పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఆ రెండు రెక్కలూ కలపడానికి నాకు చేతులు రాలేదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం చేతులు కడిగి, మాస్కు కట్టుకుని, గొట్టం మూత విప్పబోతుండగా అరుగు మీంచి పిలుపు వినిపించింది.

"బాబూ, ఉన్నారా?"

ఒకప్పుడు మా పొలం చేసిన ముసలాయన. ఆ పొలంలో ఒక ముక్క ఇప్పుడు ఆయనదే. ఏటా తొలి పనసపండు మా గుమ్మానికి తెస్తాడు. గుమ్మానికి వచ్చినదాన్ని ఇంటి పెద్ద లేచి వెళ్లి రెండు చేతులా అందుకోవాలి. మా ఇంట్లో అది ఏనాడూ తప్పలేదు. వెళ్లి అందుకున్నాను.

"మూతికి ఆ గుడ్డేటి బాబూ?"

"పాపకు వైద్యం చేస్తున్నాను."

"అయితే నానెల్తాను. పండు మాత్రం పాపకెట్టండి."

పాప తినకూడని పండు అది. ఆ మాట ఆయనతో అనలేదు. పండు గోడవార పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వచ్చి మూత విప్పాను. మళ్లీ కడగలేదు.

మూడో రోజు దిగిన నీళ్లు గంజిలా ఉన్నాయి. పిల్ల కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. ఆసుపత్రిలో మందు సరాసరి గొట్టంలోకే ఎక్కించారు. తగ్గకపోతే గొట్టం తీసేయాలి, ఆ తర్వాత మెడలో సూది, రక్తం శుభ్రం చేసే మిషను, వారానికి మూడుసార్లు పట్నం ప్రయాణం.

ఇంట్లో డయాలసిస్ చేసే పిల్లలకు ఇన్‌ఫెక్షన్ ఎలా వస్తుందో పరిశోధన చేస్తున్న ఒక యువ డాక్టరు ఫారం పట్టుకుని వచ్చింది. "ఏదైనా పొరపాటు జరిగిందా? చాలామంది లేదంటారు. అప్పుడు కారణం తెలియదని రాసుకుంటాను."

"మా నాన్నగారు పొరపాటు చెయ్యరండి" అన్నాడు నా కొడుకు.

మా అరుగు మీద సాక్ష్యం చెప్పేవాళ్లు నిలబడి చెప్పేవారు. నేను లేచి నిలబడ్డాను. తెరిచిన రెక్క, ముసలాయన, పనసపండు, తువ్వాలు, అన్నీ చెప్పాను. నా కొడుకు నేలకేసి చూశాడు. మనవరాలు మాత్రం నన్నే చూసింది.

డాక్టరు రాయడం ఆపి, "ఇంటికి వచ్చిపోయే మనుషుల గురించి మా ఫారంలో ప్రశ్నే లేదండీ" అంది.

ఇప్పుడు ఉంది. తర్వాత వెళ్లినప్పుడు కొత్త ఫారం అడిగి తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాను.

అయిదో రోజుకు దిగిన నీళ్లు తేటపడ్డాయి. సంచి కింద పత్రిక పెడితే అక్షరాలు కనిపించాయి. సిస్టరు చూడమంటే ఒక వార్త మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. ఏం చదివానో గుర్తులేదు. గొట్టం ఉంచేశారు.

ఇప్పుడు నెలనెలా చూపించడానికి వెళ్లినప్పుడు, కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు చేతులు కడగడం నేనే చూపిస్తాను. "తాతగారు రెండుపాలి తప్పి నెగ్గినారు, మీరు బయపడకండి" అని సిస్టరు పరిచయం చేస్తుంది. ఆమె అలా చెప్పడం నాకు చిన్నతనంగా లేదు. పనసపండు సంగతి నేను చెబుతాను.

అరుగు మూలన పిల్లకోసం చిన్న గది కట్టించాం. నున్నటి టైల్సు, లోపలే కుళాయి, బిగుతుగా పడే తలుపు. మధ్యాహ్నం ఆ తలుపు నా మనవరాలే వేస్తుంది, గట్టిగా. ఈ ఏడూ ముసలాయన పండు తెచ్చాడు. నేను పని ముగించి వచ్చేదాకా అరుగు మీదే కూర్చుని, వచ్చినవాళ్లను ఆపాడు.

"ఆగండెహె, బాబు లోన పనిలో ఉన్నారు."

తర్వాత వెళ్లి రెండు చేతులా అందుకున్నాను.

వీధి గుమ్మానికి ఇప్పుడు మామూలు తలుపు ఉంది. ఆ గది కట్టడానికి టేకు తలుపులు రెండు రెక్కలూ, ఇత్తడి గొళ్లెంతో సహా, రాజాంలో పాత కలప కొనే మనిషికి అమ్మేశాం.