వరద గీత కింద గీత

రాజోలులో మా పాత మండువా ఇంటికి రంగులేయిస్తుంటే, పెయింటరు గోకిన సున్నం కింద, అరుగు గోడ మీది నల్ల గీత మళ్ళీ కనిపించింది.

చిన్నప్పుడు మా వీధిలో అన్నీ ముసలి ఇళ్ళే, పిల్లనంటే నేనొక్కదాన్నే. ప్రతి ఇంటి గోడకీ ఒకే ఎత్తులో ఇలాంటి గీత ఉండేది. పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన పిల్లల ఎత్తులనుకున్నాను. అందరూ ఒకే ఎత్తు ఎలా ఉన్నారన్న అనుమానం రాలేదు. లెక్కల్లో నేను మొదట్నుంచీ అంతే. ఆ గీతని అందుకుంటే నన్నూ కలుపుకుంటారని, కింద పెన్సిలుతో నా గీత గీసి, ప్రతి ఆదివారం కొలుచుకునేదాన్ని.

ఒకరోజు పక్కింటి మామ్మగారికి నల్ల గీత చూపించి అడిగాను. "మళ్ళీ రావడం ఉండదాండీ?"

"రాకూడదే తల్లీ! వచ్చినప్పుడు మూడ్రోజులు అటకెక్కి కూర్చున్నాం."

పెద్దవాళ్ళని అటకెక్కించిన పిల్లలు! వాళ్ళ మీద నాకు మరింత ప్రేమ పుట్టింది.

అది గోదారి వరద గీతని ఏడో తరగతిలో తెలిసింది. అన్నేళ్ళూ నేను స్నేహం చేసింది బురదనీళ్ళతో.

"వరదొచ్చినప్పటి గీతండీ ఇది," అన్నాను పెయింటరుతో.

"ఆయ్. మరి కింద పెన్సిలు గీత ఏ వరదదండీ?"

"అది నేనండీ."