బండారులంక మలుపులో నిలబడ్డాను

రాజమండ్రిలో నేను సాయంత్రం నడిచే పార్కుకు ఒక విశ్రాంత క్రీడాధికారి వస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఏది చెప్పినా తప్పే చెబుతున్నాడు, నేను దిద్దుతూనే ఉన్నాను. పోయిన వారం మంచు మీద స్కేటింగ్ గురించి సెలవిచ్చాడు: "బండారులంక సత్యవేణి పని అయిపోయిందండీ. కొబ్బరిచెట్ల మధ్య ఐసు ఛాంపియనేమిటి? పోటీ లేక గెలిచింది." ఆ ఆట మీద దొరికిన పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. ఆయన చదివినవి టీఏ బిల్లులు. మర్నాడే బయలుదేరాను.

ఉదయం ఐదింటి బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా ఏడు దాటగానే అమలాపురం చేరతాం. అక్కడి బస్టాండు బయటి నుంచి బండారులంకకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు.

"ఐసమ్మాయి గారింటికాండీ?" అన్నాడు డ్రైవరు. "ఆయ్, వీధి మొదట్లో దింపేస్తానండి. పడుగేసుంటారు, లోపలికి బండెళ్ళదు."

"పక్కనుంచి పోనివ్వలేవా?"

"పోనిస్తే మా అత్తగారే కొడతారండి. ఆవిడదీ ఆ వీధేనండి."

వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు దారాలు చాచి, సత్యవేణి, ఆమె తండ్రి సూర్యారావు చెరో పక్క వంగి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. నడుము ఎత్తకుండా పక్కకు అడుగులేస్తూ పోయే ఆమెను చూస్తే ఆ ఆట ఎక్కడ మొదలైందో తెలిసింది. చక్రాల స్కేట్లు అమలాపురం బళ్ళో నేర్చుకుంది. పడుగు ఎత్తేశాక సిమెంటు రోడ్డు మీద మిగిలిన గంజి చుక్కల మీద తోటి పిల్లలు పడేవారు, ఈమె జారుతూనే నిలదొక్కుకునేది. పదిహేడో ఏట ఉత్తరాదిలో తొలిసారి మంచు మీద అడుగుపెట్టి, తొలి పోటీలో తొలి మలుపులోనే పడింది. మరుసటి ఏటి నుంచి వరుసగా నాలుగుసార్లు జాతీయ ఛాంపియన్. పోటీ లేదన్న పెద్దమనిషి ఆ రేసు ఒక్కటీ చూడలేదు. ట్రాకు చిన్నది, అందరూ ఒకేసారి బయలుదేరతారు, మలుపులో భుజాలు రాసుకుంటాయి, కాళ్ళకు కత్తులుంటాయి. రెండేళ్ళ క్రితం అలాంటి కత్తే ఆమె తొడను చీల్చింది.

గాయం మానింది. వచ్చే నెల ట్రయల్స్‌లో నెగ్గకపోతే జాతీయ జట్టు శిబిరంలో చోటుండదు. చిక్కల్లా ఒకటే: గాయం తర్వాత మంచు మీద ఎవరినీ లోపలి వైపు నుంచి దాటలేకపోతోంది. బయటి నుంచి చుట్టి వెళ్ళేవాళ్ళు ఈ ఆటలో వెనకబడిపోతారు.

పడుగు ఎత్తేసి, నాకు ఇడ్లీలు పెట్టాక ఆమె చక్రాలు కట్టుకుంది. సూర్యారావు అలవాటుగా వీధి మలుపులో నిలబడబోయాడు. ఎదుటి ఆటగాడి వేషం రోజూ ఆయనదే.

"నువ్వొద్దు నాన్నా. నేనొచ్చేసరికి జరిగిపోతావు."

"నేనెప్పుడు జరిగేనే?"

"రోజూ జరుగుతావు. నువ్విచ్చిన సందులో దూరి దాటేననుకుంటన్నాను. ఐసు మీద ఎవరు జరుగుతారు?" నావైపు తిరిగింది. "తాతగారూ, మీరు నిలబడతారాండీ?"

"పెద్దాయనే, తగిలితే ఎలాగ?" అన్నాడు తండ్రి.

"నిలబడతాను," అన్నాను.

గోడకూ నాకూ మధ్య ఒక్క మనిషి పట్టేంత చోటుంది. మొదటిసారి చివరి క్షణంలో బయటికి తిరిగింది. రెండోసారీ అంతే. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తూ, "మీరసలు కదల్లేదేంటండీ?" అంది.

"కదలను. నీ పని నువ్వు చూసుకో."

మూడోసారి నేలకు ఒరిగి, ఎడమచేతి వేళ్ళు సిమెంటుకు ఆనించి, నా పంచె అంచును రాసుకుంటూ సందులోంచి వెళ్ళిపోయింది.

"అయిపోయిందాండీ?" అన్నాడు సూర్యారావు, కళ్ళు తెరవకుండానే.

"దాటింది."

ఆమె తిరిగొచ్చి అడిగింది: "మీ బస్సెన్నింటికండీ? ఇంకో పదిసార్లు నిలబడాలి."

ఎవరికీ దారివ్వడని నా మీద ఇంట్లో, పాఠాలు చెప్పిన కాలేజీలో, పార్కులో ఫిర్యాదు ఉంది. ఆ గుణం కావలసిన మనిషి దొరకడానికి ఇంత వయసు పట్టింది. సూర్యారావుకు కూతురంటే ప్రాణం, అందుకే ఆ మలుపులో పనికిరాడు. ఆమె ట్రయల్స్‌లో నెగ్గుతుంది. పార్కులో ఆ మాటే చెప్పాను. క్రీడాధికారి ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

వెళ్ళేవారికి ఒక్క సూచన: ఎనిమిదిలోపే చేరండి, ఎండ ముదిరితే ఆమె ఆపేస్తుంది. మలుపులో నిలబడమంటే నిలబడండి. భయమేస్తే కళ్ళు మూసుకోండి, కాళ్ళు మాత్రం కదపకండి.