పిన్ని సాపుచేసిన మెలికలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి: లెక్కలంటే లోకానికి ఇష్టమేననీ, నేను చెబితే మరీ ఇష్టపడుతుందనీ. (అవి ఎంతసేపు నిలిచాయో మీరే చూడండి.) సికింద్రాబాద్‌లో ఓ బడిలో టెంపరరీ టీచర్‌గా చేరిన మొదటి ఏడాదే సైన్సు మేళా వచ్చింది. లెక్కల టేబుల్ నాకప్పగించి, "జనం ఆగితే వచ్చే ఏడాదీ ఉంటావు, లేకపోతే చూద్దాం" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

నేను ఎంచుకున్న తమాషా చిన్నదే. పొడుగాటి కాగితం పట్టీకి ఒక కొసను బోర్లా తిప్పి, ఆ మెలికతోనే కొసలు అంటించాలి. ఆ చుట్టును నడిమధ్యన పొడుగునా కత్తిరిస్తే రెండు కావు, ఒకటే పెద్ద చుట్టవుతుంది. వచ్చినవాళ్లే కత్తిరించి నోరు తెరవాలని నా ఆశ. పద్మారావు నగర్‌లో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. ముందురోజు బుట్టెడు చుట్లు అంటించి, అలసిపోయి పడుకున్నాను. ఏటా క్రిస్మస్‌కి చర్చిలో రంగు కాగితాల గొలుసులు కట్టేది మా పిన్నే. ఒక్క చుట్టు వంకరగా వేలాడినా ఆవిడకు ప్రార్థనలో మనసు నిలవదు.

మేళాలో హెడ్‌మిస్ట్రెస్ వచ్చి నిలబడగానే గొంతు పెంచాను. "నడిమధ్యన కత్తిరించినా రెండు కావు, రండి!" కూరగాయల సంచీతో వచ్చిన ఒకాయన కత్తెర అందుకున్నాడు. చక్కగా రెండు చుట్లు రాలిపడ్డాయి.

"రెండైనయ్ గదమ్మా! గిందుల ఏమున్నది?"

ఇంకోటిచ్చాను. అదీ రెండైంది. ఈసారి నేనే ఒకటి కత్తిరించాను. మళ్లీ రెండు. "పరేషాన్ గాకు మేడం, జెర నిదానంగ చెయ్" అని ఆయన ఓదార్చాడు. నా ఉద్యోగం కళ్లముందే ఊడిపోతోంది.

అప్పుడు వెనకనుంచి, నాకు టిఫిన్ తెచ్చిన పిన్ని గొంతు మురిపెంగా వినిపించింది. "ఎంత తీరుగా తెగుతున్నాయో చూడవే! అన్నీ మెలికలు పడేట్టు అంటించావు. పొద్దున్నే లేచి ఒక్కోటీ ఊడదీసి, సాపుచేసి పెట్టాను."

హడావుడిలో బుట్ట ఎత్తుకొచ్చిన నేను ఒక్కదాన్నీ సరిగా చూసుకోలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. హెడ్‌మిస్ట్రెస్ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. సంచీ ఆయన మాత్రం, "మరి మెలికుంటే ఏమైతది?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారనే కదా నేను అంత గొంతు చించుకున్నది! అక్కడికక్కడే ఒక పట్టీకి మెలిక తిప్పి, అంటించి, కత్తెర పిన్నికే ఇచ్చాను. చివరి ముక్క తెగగానే పొడుగాటి చుట్టొకటి ఆవిడ చేతిలో వేలాడింది.

"ప్రభువా, ఇదేం చోద్యమే!" అంది.

ఆ తర్వాత టేబుల్ దగ్గర నిలబడడానికి చోటు లేకపోయింది. రెండు కావడం చూసినవాళ్లందరికీ ఇప్పుడు ఒకటి కావడం చూడాలి. మధ్యాహ్నానికి జిగురు అయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ వెళుతూ వెళుతూ, "వచ్చే ఏడాది కూడా మీ పిన్నిగారిని తీసుకురా" అన్నారు.

అప్పటినుంచి ప్రతి మేళాలో మెలిక లేని చుట్టే ముందు కత్తిరించాను. అది నా బోధనా పద్ధతని అందరూ మెచ్చుకుంటే, ఆ మెప్పు పిన్నిదని చెప్పి నవ్వించేదాన్ని. ఆవిడ పోయాక గొలుసుల పని నాకొచ్చింది. మొన్న క్రిస్మస్‌కి ఒక చుట్టు మెలికపడి వేలాడుతూ కనిపించింది. పిన్ని మీద బెంగతో కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత స్టూలెక్కి, ఊడదీసి, సాపుచేసి అంటించాను.