వాపసు సారు

మా సారు పోయారు. నంద్యాల నుంచి ఆయన భార్య తానే ఫోన్ చేసి చెప్పింది. ఈ రోజుల్లో చావు కబురు కూడా గ్రూపులో మెసేజిగా వస్తుంది, కింద వరసగా దండం బొమ్మలు పడతాయి. ఆ ఇంట్లో అట్లా కుదరదు. "నా నోటితోనే చెప్పల్ల గదమ్మా, మీ సారుకు అదే ఇష్టం" అంది.

కరెంటు కంపెనీలో డైరెక్టరుగా రిటైరైన మనిషి. పేపర్లో వేస్తే ఆ హోదాతోనే వేస్తారు. ఆళ్ళగడ్డలో పాతవాళ్ళకు మాత్రం ఆయన వాపసు సారు. ఆ పేరెట్లా వచ్చిందో తెలిసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం, అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆళ్ళగడ్డలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన కొత్తల్లో ఆయన నంద్యాల డివిజనల్ ఇంజనీరు. అప్పటికి కంపెనీ లేదు, కరెంటు బోర్డే. స్తంభాల ఉద్యోగం ఆడపిల్లకెందుకని ఆఫీసులో గుసగుసలు పోయేవాళ్ళు. సారు అవేవీ పట్టించుకోకుండా మొదటిరోజే నాకు లైన్ క్లియర్ గురించి చెప్పారు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో అడిగి ఆ లైనుకు కరెంటు ఆపించుకుంటాడు. పనయ్యాక, అడిగిన ఆ మనిషే వచ్చి, దిగాను, లైన్ క్లియర్ వాపస్ అని తన నోటితో చెప్పాలి. అప్పుడే మళ్ళీ కరెంటు. వాడి తరఫున ఇంకొకరు చెబితే చెల్లదు. "నోటితో పోయిండేది నోటితోనే వాపసు రావల్ల" అనేవారు.

ఒక ఎండాకాలం ఆయన తనిఖీకి వచ్చి మా సబ్‌స్టేషన్‌లో ఉన్నారు. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంట్లో పెళ్ళి, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. లైన్ క్లియర్ తీసుకున్న లైన్‌మన్ పత్తా లేడు. వాడితో పనిచేసినవాళ్ళు వచ్చి, దిగినాడు సార్, మేమే చూసినాం అని ఒట్టేసి చెప్పారు. ఫోన్ల మీద ఫోన్లు. పెళ్ళివారి మనుషులు జీపులో వచ్చి, నువ్వు ఈ జిల్లాలో ఎట్లా ఉంటావో చూస్తామన్నారు. సారు ప్రమోషన్ ఫైలు అప్పుడు హైదరాబాదులో సంతకం కోసం ఉంది. ఆ సంగతి మాకు తెలుసు, జీపులో వచ్చినవాళ్ళకూ తెలుసు. ఆయన కుర్చీ లాక్కుని, ఎవరూ వేయకుండా ఆ లైను స్విచ్చి ముందర కూర్చున్నారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

"ఇంతమంది చెప్తాండారు గదా సార్" అన్నాను.

"ఇంతమంది చెప్తాండారు. వాడు చెప్పలేదు."

పొద్దు వాలాక దొరికాడు మహానుభావుడు. పక్క పల్లెలో అక్క ఇంట్లో సంగటి తిని, వాపసు చెప్పే సంగతే మరిచి నిద్రపోయాడు. పరుగెత్తుకుంటూ వచ్చి ఏడుస్తూ కాళ్ళ మీద పడబోయాడు. సారు పట్టుకుని ఆపి, "ఏడ్చేది మళ్ళ. ముందు చెప్పప్పా" అన్నారు.

"దిగినా సార్. లైన్ క్లియర్ వాపస్."

గదిలో ఫ్యాను తిరిగింది. ఊరంతా తిడుతుంటే సారు నవ్వుతున్నారు. నా మొహం చూసి, "కడుపునిండా తిని పండుకున్న్యాడంట అమ్మాయ్. ఇంతకంటే మంచి కబురు యాముంటాది?" అన్నారు.

బదిలీ వెంటనే వచ్చింది. ప్రమోషన్ ఏళ్ళ తరబడి రాలేదు. ఆళ్ళగడ్డ మాత్రం ఊరికే పోనిచ్చిందా, వాపసు సారని పేరు పెట్టి మరీ పంపింది. మొదట అది వెక్కిరింతే. పోనుపోను లైన్‌మన్ల ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ పేరును దండం పెట్టినట్టు పలకడం నేను విన్నాను.

బోర్డు పోయి కంపెనీలొచ్చాయి. సారు ఆలస్యంగానైనా డైరెక్టరయ్యారు. రాష్ట్రం రెండైనప్పుడు, ఒకే గదిలో జుట్టు నెరిసినవాళ్ళం ఎవరు ఎక్కడివాళ్ళమో కాగితాల మీద రాసిచ్చాం. "మనుషుల్ని పంచుకున్న్యారు గానీ యాభై సైకిళ్ళను పంచుకోల్యాకపోయినారు" అన్నారాయన. రెండు వైపులా ఒకటిగానే ఉండే కరెంటు ఫ్రీక్వెన్సీని మా పాతవాళ్ళు అట్లాగే సైకిళ్ళంటారు.

రిటైరైన అధికారులను పిలిచి కంపెనీ ఒకసారి సభ పెట్టింది. ఒక్కొక్కరం లేచి వేసిన లైన్లూ కట్టిన సబ్‌స్టేషన్లూ చెప్పుకున్నాం, నేనూ తక్కువ చెప్పుకోలేదు. సారును దేశం గురించి రెండు మాటలు మాట్లాడమన్నారు. దేశమంతా ఒకే గ్రిడ్డనీ, నంద్యాలలో రైతు మోటారు వేస్తే ఎక్కడో హిమాలయాల కింద తిరిగే కరెంటు మిషనుకు ఆ బరువు తెలుస్తుందనీ, ఫ్రీక్వెన్సీ మీటరు ముల్లు ఇక్కడ వణికితే అక్కడా వణుకుతుందనీ చెప్పారు. తన దేశభక్తి ఆ ముల్లు దగ్గర నేర్చుకున్నదేనట. ఆయన కూర్చున్నాక గానీ జనానికి చప్పట్లు కొట్టాలని తోచలేదు.

రిటైరయ్యాక నంద్యాలలోనే ఉన్నారు. ఆయన ఇంటి నుంచి ఎవరు బయల్దేరినా, ఇల్లు చేరి ఫోన్ చేయాల్సిందే. ఆళ్ళగడ్డ ఎంత దూరమని ఒకసారి నేను మెసేజి పెట్టి ఊరుకున్నాను. వెంటనే ఆయనే ఫోన్ చేశారు, మెసేజి ఎవరైనా పెడతారని. నా గొంతు వినేదాకా అన్నం ముందు కూర్చోరని ఆయన భార్య చెప్పేది. నాకు తండ్రి చిన్నప్పుడే పోయాడు. నేను ఇల్లు చేరానో లేదో అని ఎదురుచూసిన మనిషి ఈయనొక్కరే.

సారును సాగనంపిన రోజు, చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటలో అందరం మన్ను వేశాం. జనం కార్లెక్కుతున్నారు. ఒక ముసలాయన మాత్రం చెప్పులు విడిచి వేపచెట్టు కింద ఆ కొత్త మట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోతే, ఆ రోజు నిద్రపోయిన లైన్‌మనే. ఎండగా ఉంది, ఆళ్ళగడ్డకే కదా, నా కారులో రమ్మన్నాను.

"నువ్వు పో మేడమ్. నా కోసరం ఆయప్ప ఎంతసేపు కూసున్న్యాడో నువ్వు చూసినావు గదా. నేనూ రోంతసేపు కూసుంటా."

నేను కారు దాకా పోయాక వెనక నుంచి పిలిచాడు.

"చేరినంక ఫోన్ చెయ్యి మేడమ్. ఇంక నాకు చెయ్యి."

ఇల్లు చేరి చేశాను. చేరినా అన్నాను. సరేలేమ్మా అన్నాడు. అవతల గాలి చప్పుడు, వేపాకుల గలగల వినిపిస్తున్నాయి. ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.